రబ్బరు కట్టిన స్వరం

బస్టాండు ఎదురు లాడ్జిలో
రాత్రి కాపలా నాది.
గదులు దొరకని గుండ్లన్నీ
మెట్ల మీదే తలలు వాల్చి నిద్రపోతా ఉండాయి.
రిసెప్షన్‌లో రెడ్డిరాణి
నిద్రాపుకోను ఫోన్లో ఏదో పాట పెట్టింది.
మొదటి నాలుగు స్వరాలకే
నా మెడ నిక్కింది.

ఇది మా చెంగల్రాయన్న పాట గదా!

అప్పుడు నాకు పదకొండేండ్లు.
నెత్తిన చుట్టకుదురు,
దాని మీద బుస్సుమనే గ్యాసులైటు.
గాంధీరోడ్డు పొడుగునా
ఊరేగింపుకు వెలుగు మోస్తే ముప్పావలా,
పెండ్లోళ్ళు మంచోళ్ళయితే పొట్లంలో రెండు బూందీ ఉండలు.
నా ముందర చెంగల్రాయన్న.
జరీ ఊడిపోయిన ఎర్రకోటు,
పెదవుల మధ్య క్లారినెట్టు.

ఆ పాట ఆయనకు రేణిగుంటలో దొరికింది.
రైల్వే కాలనీలో గార్డు డిక్రూజు దొర
కూతురి పెండ్లికి బ్యాండు మాట్లాడి
"ఇది వాయించాల" అని గ్రామఫోను తిప్పినాడంట.
శీమ నుంచి అప్పుడప్పుడే దిగిన రికార్డు,
ఎవరో ఒకామె, ఇంగ్లీషులో.
చెంగల్రాయన్న మందారం కంచె బయటే నిలబడి
తొమ్మిదిసార్లు విన్నాడు.
పదోసారి దొర ముల్లు ఎత్తేసినాడు.
పాట మాత్రం ఆగలేదు.

ఆ పొద్దు నుంచి ప్రతి పెండ్లిలోనూ అదే.
దేవుడి పాట అయినాక, సినిమా పాటలు అయినాక,
పెండ్లికొడుకు కారు ఇంజను కాగి
నడివీధిలో నిలబడిపొయ్యినప్పుడు,
ఎవురూ అడక్కుండానే.
తమిళ పిక్చరుది అనేవాళ్ళు కొందరు.
కాదు, హిందీ అని పందెం కాసినారు ఇంకొందరు.
అది మా అమ్మ పాడిన జోలపాటేనని
ఒక ముసలాయన ఒట్టు పెట్టినాడు.

ఆ క్లారినెట్టులో ఒక మీట సరిగా మూసుకోదు.
సైకిలు ట్యూబు కోసి రబ్బరు కట్టినాడు.
అందుకే మూడో వరుస చివర
ఆ స్వరం నిలబడదు, జారుతుంది.
చంకలో బిందె జారి
అంతలోనే మళ్ళీ పట్టు దొరికినట్టు.
ఆ చోట మేళమంతా అర అడుగు తడబడేది.
నా లైటు ఊగేది.
గోడ మీద పెండ్లికూతురి నీడ
ఒక్కసారి మేడంత పెరిగి తగ్గేది.

ఒకసారి ప్లాట్‌ఫారం మీద గార్డు దొర ఎదురుపడినాడు.
"ఒరే, అది పెండ్లిపాట కాదురా.
వాడింక రాడని తెలిసినాక ఆ పిల్ల పాడేది.
నా బిడ్డ మొండికేసిందని ఒప్పుకున్నా."
చెంగల్రాయన్న వక్కాకు ఊసి వచ్చి,
"మాటలు మీ దగ్గరే పెట్టుకోండి దొరా,
నాకు మెట్టొకటే ఇచ్చినారు" అన్నాడు.

ఆయన పొయ్యి ముప్పై ఏండ్లు దాటింది.
క్లారినెట్టు ఎవురికి పొయ్యిందో తెలీదు.
ఎర్రకోటును మాత్రం ఒకసారి చూసినా,
కరకంబాడి పక్క శెనక్కాయల చేన్లో
దిష్టిబొమ్మ తొడుక్కోనుండింది.

ఇప్పుడు ఫోన్లో ఆమె.
నెయ్యి కాగినట్టు గొంతు,
వెనక ఎన్ని వయొలిన్లో!
మూడో వరుస వచ్చింది.
ఊపిరి బిగబట్టుకోని కాచుకున్నా.
ఆ స్వరం గుండు దారం వేసి కట్టిన గోడ మాదిరి
నిట్టనిలువుగా నిలబడింది.
జారలేదు.

"బాగుందా తాతా? పాతదంట ఇది.
అరవైల్లోదంట. ఇదే అసలుదంట."
"బాగుండాది పాపా.
ఒక్కచోట తప్పింది, పాపం."

రెడ్డిరాణి పడీపడీ నవ్వి
మళ్ళీ మొదట్నుంచి పెట్టింది.
మూడో వరుస దగ్గర
నాకు తెలీకనే నా చెయ్యి నెత్తి మీదికి పొయ్యింది,
లైటు ఒరుగుతుందేమో అని.